చూపు ముందు, చెయ్యి తర్వాత

గేటు నుంచి వరండా దాకా ఇరవై అడుగుల సిమెంటు బాట. అటూ ఇటూ బంతిమొక్కలు. వరండాలో నీలం ప్లాస్టిక్ కుర్చీ, అందులో మా డాక్టరుగారు. మనం కుక్కతో గేటు తీస్తే ఆయన లేవరు, పలకరించరు. నుదుటి మీద ఉన్న కళ్లజోడు కిందికి దించుకుంటారు, అంతే. కుక్కని ఎత్తుకుని వస్తుంటే మాత్రం కుర్చీలోంచే కేకేస్తారు: "దించండి, దించండి. నడవనివ్వండి." కొత్తగా వచ్చినవాళ్లకి ఒళ్లు మండుతుంది. ఒంట్లో బాగోలేనిదాన్ని నడిపించమంటాడేమిటి ఈయన, లేచి రావడానికి బద్ధకం కాబోలు అనుకుంటారు. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఇరవై అడుగుల్లోనే ఆయన పరీక్ష సగం అయిపోతుందని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. ముందరికాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకి ఆనగానే కుక్క తల పైకి లేస్తుంది. మంచికాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. నొప్పికాలి మీద బరువు పడకుండా తలతో తూకం వేసుకుంటుందన్నమాట. మనం కాళ్లు చూస్తాం, ఆయన తల చూస్తారు. నడుం విల్లులా వంచి అడుగులో అడుగేసుకుంటూ వచ్చిందంటే కడుపులో ఏదో ఉంది. ముందరికాళ్లు చాపి, ఛాతీ నేలకానించి, వెనక భాగం పైకెత్తి అలాగే నిలబడిపోయిందంటే ఆ నొప్పి మరీ ఎక్కువ. బంతిమొక్కలు కూడా ఊరికే పెంచినవి కావు. వాటి దగ్గర ఆగి వాసన చూసి కాలెత్తిన కుక్కని వరసలో కూర్చోబెడతారు. వాటి వంక చూడకుండా తల వేలాడేసుకుని వచ్చినదాన్ని, వరసలో ఎవరున్నా సరే, ముందు లోపలికి రమ్మంటారు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనైనా ఉందో లేదో గాని, నేను చూసినంతలో ఒక్కసారీ తప్పలేదు.

ఆయన ముప్పై ఏళ్లు సర్కారు పశువైద్యశాలల్లో పనిచేశారు. గోదావరి డెల్టాలో పని అంటే గేదెలు, ఆవులు, సంక్రాంతి ముందు పందెంకోళ్లు. కుక్కలు అప్పట్లో ఏడాదికి ఏ నాలుగో ఐదో వచ్చేవట. రిటైరయ్యాక ఇంటి ముందుగదిలో బల్ల వేసుకునేసరికి ఊరు మారిపోయింది. ప్రతి సందులో ఓ ల్యాబ్, ఓ పగ్, అపార్ట్‌మెంట్లో జర్మన్ షెపర్డ్. గేదె కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడని తిప్పిన చేతులు అవి. మణికట్లు ఇప్పటికీ రోకళ్లలా ఉంటాయి. ఆ చేతులే ఇప్పుడు కిలోన్నర కుక్కపిల్ల ముందరికాల్లో దారప్పోగంత నరం వెతుకుతాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చేతులే.

చెయ్యి వెయ్యడానికి ముందు ప్రశ్నలు. అవి యజమానిని అడగరు. "దీనికి అన్నం పెట్టేదెవరండి?" అని మొదలుపెడతారు. చాలాసార్లు ఆ మనిషి అక్కడ ఉండదు. పనిమనిషో, నానమ్మో, బడికెళ్లిన పిల్లాడో అయి ఉంటారు. ఫోన్ చేయిస్తారు. ఎందుకంటే "రెండ్రోజుల్నించి డల్‌గా ఉందండి" అన్నది ఆయనకి ఎందుకూ పనికిరాదు. చివరిసారి మొత్తం గిన్నె ఎప్పుడు నాకింది, నీళ్లు మామూలుగా తాగుతోందా లేక బకెట్లు ఖాళీ చేస్తోందా, వాంతిలో ఏముంది, అరిగిన అన్నమా, పసరా, నురగా, విరేచనం రంగేంటి, మూత్రం ధారగా పోస్తోందా చుక్కలుగానా... ఇవన్నీ గిన్నె కడిగే చేతులకీ, వాకిలి ఊడ్చే చేతులకీ తెలుస్తాయి. ఒకసారి ఒక పెద్దాయన కారు దిగి పావుగంట ఇంగ్లీషులో రోగలక్షణాలు చెప్పారు. డాక్టరుగారు అంతా విని, కారు డ్రైవర్ని పిలిచి, "దీన్ని పొద్దున్నే తిప్పేది నువ్వే కదయ్యా, దొడ్డికెలా వెళ్తోంది?" అన్నారు.

అప్పుడు గాని నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చోరు. స్టీలు బల్ల ఉంది గాని దాని మీదికి ఎక్కించడం చివరి మాట. బల్లెక్కితే కుక్క గుండె దడ రెట్టింపవుతుందనీ, అప్పుడు లెక్కపెట్టిన నాడి దొంగ లెక్కనీ ఆయన నమ్మకం. వెనక తొడ లోపలివైపు రెండు వేళ్లు ఆనిస్తారు, గోడ మీద గడియారం చూస్తారు. పెద్ద కుక్కలకి నిమిషానికి 60 నుంచి, చిన్నవాటికి 140 దాకా మామూలే. ఊపిరి, పడుకుని ఉన్నప్పుడు, పది నుంచి ముప్పై. జ్వరం చివర్లో చూస్తారు, ఎందుకంటే థర్మామీటర్ పెట్టేది తోక కింద, అది ఏ కుక్కకీ నచ్చదు. 101 నుంచి 102.5 ఫారిన్‌హీట్ కుక్కకి మామూలు వేడి. మన చేతికి అది ఎప్పుడూ కాలుతున్నట్టే ఉంటుంది. ముక్కు ఆరిపోతే జ్వరమనుకోవడం కూడా ఉత్తి మాటే. నిద్ర లేచిన కుక్కకి ముక్కు పొడిగానే ఉంటుంది.

పై పెదవి ఎత్తి చిగురు చూడటం దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగుతారు. బొటనవేలితో చిగురు మీద నొక్కి వదిలేస్తారు. నొక్కినచోట తెల్లబడి మళ్లీ గులాబీ రంగు రావాలి, రెండు సెకన్లలోపు. అంతకంటే ఆలస్యమైతే రక్తం తిరగడం మందగించిందని. చిగురు సున్నంలా పాలిపోతే నెత్తురు తగ్గింది. ఎక్కడో లోపల కారుతోందన్నా అనుకోవాలి, గోమార్ల జ్వరమన్నా అనుకోవాలి. పసుపు తిరిగితే కాలేయం, లేదా ఎలకల మూత్రం కలిసిన వాననీళ్లతో వచ్చే లెప్టోస్పైరా. ఇటుక ఎరుపైతే వడదెబ్బ. నీలం తిరిగితే ఊపిరి అందడం లేదు, ఇక ప్రశ్నలుండవు. మీరు ఇంట్లో చెయ్యగలిగిన పరీక్ష ఇదొక్కటే అని ఆయన అందరికీ నేర్పుతారు. నల్ల చిగుళ్ల కుక్కలుంటాయి, వాటికి కంటి కింది రెప్ప లాగి చూడాలి. ఒంట్లో బాగున్న రోజున మన కుక్క చిగురు ఏ రంగులో ఉంటుందో ముందే చూసి పెట్టుకోకపోతే జబ్బు రోజున చూసి ప్రయోజనం లేదు.

చిగురు దాటాక చేతులు దవడ కిందికి, జబ్బ ముందుకి, వెనక మోకాలి వెనక్కి వెళ్తాయి. మనకి గజ్జల్లో బిళ్ల కట్టినట్టే కుక్కలకీ ఈ చోట్ల బిళ్లలు కడతాయి. ఒకచోట కడితే దగ్గర్లో పుండో పన్నో ఉంటుంది. అన్నిచోట్లా ఒక్కసారి కడితే మాత్రం ఆయన మొహం మారుతుంది. గోమార్ల జ్వరమో, కాన్సరో తేల్చాలి.

కడుపు చూడటం ఒక్కటీ విడిగా చెప్పుకోవాలి. కుక్క వెనక కూర్చుని, రెండు అరచేతులూ చెరో డొక్కకి ఆనించి, వేళ్లు కలిసేలా మెల్లగా నొక్కుతూ వెనక్కి జారుస్తారు. అప్పుడు ఆయన కుక్కని చూడరు. గోడ మీద లక్ష్మీదేవి క్యాలెండర్ని చూస్తుంటారు, కానీ అందులో తేదీ కూడా ఆయనకి కనపడదని నా అనుమానం. పేగులు వేళ్ల మధ్య నుంచి తడి గుడ్డల్లా జారిపోవాలి. ఓ వేసవిలో మా వీధి ల్యాబ్ మూడు రోజులుగా తిన్నదల్లా కక్కుతుంటే తీసుకొచ్చారు. పురుగుల మందు వేశారు, మజ్జిగన్నం పెట్టారు, దిష్టి కూడా తీశారు. డాక్టరుగారి వేళ్లు మధ్యలో ఒకచోట ఆగిపోయాయి. వెనక్కి వచ్చాయి. మళ్లీ అక్కడే ఆగాయి. "మామిడికాయలొచ్చాయా మీ చెట్టుకి?" అన్నారు. వచ్చాయి. "టెంకండి." టెంక జారుడుగా ఉంటుంది, ల్యాబ్ నమలదు, మింగేస్తుంది. పొట్టలోంచి పేగులోకి దిగి అక్కడ బిరడాలా పడుతుంది. స్కానింగ్ ఉన్న ఊరికి చీటీ రాసిచ్చి, ఆ సాయంత్రమే ఆపరేషన్ చేయించమన్నారు. మూడో రోజు కాబట్టి పేగు బతికే ఉంది, నల్లబడి ఉంటే ఆ ముక్క కోసెయ్యాల్సి వచ్చేది. కడుపు కోసి చూసినాయన ఫోన్ చేసి, టెంక సరిగ్గా ఈయన చెప్పిన చోటే దొరికిందన్నాడట. ఈ సంగతి నాకు ల్యాబ్ వాళ్లు చెప్పారు. డాక్టరుగారు దాన్ని పట్టించుకోనే లేదు.

మా జిల్లాల్లో కుక్కకి జబ్బంటే సగం గోమార్లే. కొన్నిచోట్ల పిడుదులంటారు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడగోమారి అచ్చం ఆముదపు గింజలా ఉంటుంది. లాటిన్ వాళ్లకీ అలాగే కనపడిందేమో, ఆముదం చెట్టుకి శాస్త్రీయనామం రిసినస్, అంటే వాళ్ల భాషలో గోమారి అనే అర్థం. ఆ ఉబ్బినది కుక్క ఒంటి మీద గుడ్లు పెట్టదు. రాలిపోయి, గోడ పగుళ్లలోకి, మంచం కోళ్ల సందుల్లోకి దూరి, వేలల్లో పెడుతుంది. కుక్కకి ఎంత మందు పూసినా పక్షం రోజుల్లో మళ్లీ కనపడ్డాయంటే మందు కల్తీదని తిట్టుకుంటాం, తప్పు గోడది. పీకేటప్పుడు డాక్టరుగారు చిమ్టాతో చర్మానికి ఆనించి దాని మూతి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా నిటారుగా లాగుతారు. వేళ్లతో నలపరు, కిరసనాయిలు పొయ్యరు. లాగినదాన్ని స్పిరిట్ సీసాలో వేస్తారు.

అసలు పనితనం ఆ తర్వాత. గోమార్లున్న కుక్కకి జ్వరం, నీరసం, పాలిపోయిన చిగుళ్లు ఉంటే ఆయన వెంటనే మందు రాయరు, చెవి అంచు మీద వెంట్రుకలు గీస్తారు. స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, సూదితో ఒక్క పోటు. మొదటి చుక్క తుడిచేస్తారు, రెండోది తీసుకుంటారు. కాలి నరంలోంచి తీసిన నెత్తురు కంటే చెవి అంచు నెత్తురులో గోమార్ల జ్వరం తెచ్చే క్రిమి, బబీసియా, దొరికే అవకాశం ఎక్కువ, అందుకని. గాజుపలక చివర ఆ చుక్క. ఇంకో పలకని ఏటవాలుగా పట్టుకుని వెనక్కి లాగి చుక్కకి తాకిస్తారు. చుక్క ఆ అంచు పొడుగునా పాకేదాకా ఆగుతారు. అప్పుడు ముందుకి ఒక్క తోపు. ఆగితే గీతలు పడతాయి, నొక్కితే కణాలు చితుకుతాయి, మరీ వేగమైతే మందంగా ఉండిపోతుంది. సరిగ్గా వస్తే నెత్తురు పొర పలచబడుతూ పోయి చివర కోడి ఈక అంచులా ఆగుతుంది. ఆయన దాన్ని 'తోక' అంటారు. చూడాల్సింది ఆ తోకలోనే, అక్కడే కణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా ఉంటాయి.

పలకని గాల్లో ఊపి ఆరబెట్టి, లీష్మన్ రంగు పోస్తారు. నిమిషమో రెండో ఆగి, దానికి రెట్టింపు బఫర్ నీళ్లు కలుపుతారు. పైన పచ్చటి లోహపు మెరుపు తేలుతుంది, నూతి నీళ్ల మీద తుప్పు తెర తేలినట్టు. ఓ ఎనిమిది నిమిషాలు అలా వదిలేసి, కుళాయి ధార పలక వెనక తగిలేలా కడుగుతారు. పలక లేతగులాబీగా తేలాలి. నీలంగా మిగిలితే పారేసి మళ్లీ చెవి దగ్గరికి. ఆ మైక్రోస్కోపు పాతది, అద్దం తిప్పి ఎండ పట్టే రకం. ఒక చుక్క నూనె వేసి, వందో నంబరు కటకం దించి, తోక మొదలుకుని అటూ ఇటూ దున్నుకుంటూ పోతారు. నన్ను ఒకసారి చూడమన్నారు. రూపాయి బిళ్లల్లా గులాబీ కణాలు పరిచి ఉన్నాయి, ఒకదాని లోపల రెండు జామపిందెలు మొనలు ఆనించుకున్నట్టు ఊదారంగులో ఒక జంట. అది పెద్ద రకం బబీసియా. చిన్న రకమైతే సన్నటి ఉంగరాల్లా ఉంటుందట. గోమార్లు మోసే ఇంకో క్రిమి, ఎర్లిషియా, అయితే తెల్లకణంలో మల్బరీ పండులా గుత్తిగా కూర్చుంటుంది గాని అది దొరకడం చాలా అరుదు. "కనపడితే ఉన్నట్టే. కనపడకపోతే లేనట్టు కాదండి," అంటూ ప్లేట్‌లెట్ల లెక్కకి నెత్తురు లాబ్‌కి పంపుతారు. రెండు జబ్బులకీ మందులు వేరు. ఎర్లిషియాకి వాడే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు. వారానికే కుక్క గంతులేస్తుంది, మనం మాత్రలు ఆపేస్తాం, నెలల తర్వాత ముక్కులోంచి నెత్తురు కారుతూ మళ్లీ వస్తుంది. ఆయనకి కోపం వచ్చే కొన్ని సందర్భాల్లో ఇదొకటి.

ఇంకోటి పార్వో. ఈ వైరస్ ప్రపంచానికి తెలిసింది 1978లో. రెండేళ్లు తిరక్కుండా అన్ని ఖండాలకీ పాకింది. నెలన్నర నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. పేగు లోపలి పొరని ఊడగొడుతుంది. ముందు రోజు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, ఆ తర్వాత నెత్తురు విరేచనం. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. ఒక్కసారి కక్కి మళ్లీ ఆడుకునే పెద్ద కుక్కకి ఓ పూట కడుపు మాడ్చి చూడొచ్చు. టీకాలు పూర్తికాని పిల్ల రెండుసార్లు కక్కి మూల కూర్చుంటే ఆ పూట కూడా ఆగకూడదు, ఒంట్లో నీళ్లు పోయి చచ్చిపోతుంది. వైరస్‌ని చంపే మందు లేదు. నీళ్లు ఎక్కించి, వాంతులు ఆపి, పేగు మళ్లీ పొర కట్టుకునేదాకా ప్రాణం నిలబెట్టడమే వైద్యం.

నీళ్లు ఎక్కించాలంటే నరం దొరకాలి. నీరంతా పోయిన పిల్లకి నరాలు అంటుకుపోయి ఉంటాయి. ఆ రోజు తెచ్చింది రెండు నెలల నాటు పిల్ల, చెప్పుల పెట్టెలో గుడ్డ వేసి తెచ్చారు. మెడ మీద చర్మం ఎత్తి వదిలితే గుడారంలా అలాగే నిలబడింది. డాక్టరుగారు వేణ్నీళ్లలో చేతులు కడుక్కున్నారు. చల్లటి చెయ్యి తగిలితే నరం ఇంకా ముడుచుకుంటుందట. పిల్ల ముందరికాలు చుట్టూ వేణ్నీళ్ల గుడ్డ చుట్టి ఓ నిమిషం ఉంచారు. వెంట్రుకలు గీశారు. సాయం చేసే కుర్రాడు వెనక నుంచి మోచేతి కింద పట్టుకుని, బొటనవేలు అడ్డంగా వేసి కొంచెం బయటికి తిప్పాడు. తిప్పకపోతే నరం పక్కకి దొర్లిపోతుంది. నాకేం కనపడలేదు. ఆయనకీ కనపడలేదనుకుంటాను. చూపుడువేలి కొస ఆ గీసినచోట అలా ఆనించి, తియ్యకుండా, ఎదురుచూశారు. వీణ తీగ మీద వేలు పెట్టినట్టు పెట్టి, 'ఉంది' అన్నారు. సన్నటి పసుపురంగు కాన్యులా, మొన పైకి, చర్మానికి దాదాపు సమాంతరంగా లోపలికి వెళ్లింది. వెనక గొట్టంలో ఎర్రటి బొట్టు మెరిసింది. ఇక్కడే చాలామంది తొందరపడి ఇంకా తోస్తారు, నరం అవతలి గోడ చిరుగుతుంది. ఈయన సూదిని వెంట్రుకవాసి కిందికి వాల్చి, దాన్ని కదలనివ్వకుండా పట్టుకుని, పైనున్న ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం ముందుకి జార్చారు. కుర్రాడు బొటనవేలు తీశాడు. టేపు మూడు చుట్లు. సెలైన్ బొట్టు బొట్టుగా పడటం మొదలయ్యాక గాని ఆయన ఊపిరి వదల్లేదు. ఆ పిల్ల ఐదు రోజులు పోరాడి బతికింది. దాని అన్న, అదే పెట్టెలో మర్నాడు వచ్చింది, బతకలేదు.

పిల్లని తెచ్చినవాళ్లు ఒక టీకా వేయించామన్నారు. ఒకటి సరిపోదు. తల్లి తొలిపాల్లో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్నాళ్లుంటుంది. అది ఉన్నంతకాలం టీకాని పనిచెయ్యనివ్వదు, అది అయిపోయే రోజు ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు, ఎనిమిది వారాలకి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వేస్తూ పోవడం. జబ్బు పడిన ఇంట్లో వైరస్ నెలల తరబడి నేల మీద బతికే ఉంటుంది. ఫినాయిలు దాన్నేం చెయ్యలేదు, బ్లీచింగ్ పౌడరు నీళ్లు కావాలి.

చెవి, చర్మం జబ్బులు ఆయనకి కాలక్షేపం. తల విదిలిస్తూ, చెవిలోంచి పులిసిన వాసన వస్తుంటే నూనె పొయ్యకుండా తీసుకురమ్మంటారు. లోపల గులిమి రంగు చూసి సగం చెబుతారు. కాఫీపొడిలా నల్లగా ఉంటే పురుగు, జిడ్డుగా గోధుమరంగైతే ఫంగస్, పసుపు చీములా ఉంటే బాక్టీరియా. అయినా దూదిపుల్లకి అద్ది పలక మీద రాసి చూడనిదే మందు చెప్పరు. ఆయన్లో నాకు నచ్చనిది ఒకటుంటే పళ్ల సంగతి. ఎవరైనా అడిగితే తప్ప పళ్ల మీద గార గురించి మాట్లాడరు. గేదెల డాక్టరుగా ముప్పై ఏళ్లు గడిపిన ఫలితం కావచ్చు.

గోడ మీద ఒక అట్టముక్క అంటించి ఉంటుంది, తెలుగులో, స్కెచ్ పెన్నుతో. పైన 'గంటల లెక్క' అని రాసి ఉంటుంది. పొట్ట డప్పులా ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాకుండా అవస్థ పడుతుంటే, అందులోనూ గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతు ఛాతీ జాతులైతే: పొట్ట మెలితిరిగి ఉండొచ్చు, రాత్రయినా సరే బయల్దేరాలి. మగకుక్క పదేపదే కాలెత్తుతూ చుక్క రాకపోతే: రాయి అడ్డుపడింది, తెల్లారేదాకా ఆగకూడదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క, హీట్ అయిపోయిన నెలా రెండు నెలల్లో, తిండి మానేసి నీళ్లు మాత్రం తెగ తాగుతుంటే: గర్భసంచిలో చీము. కింద చీము కారితే ఎవరైనా కనిపెడతారు. కారకుండా లోపలే నిండేది ఎక్కువ ప్రమాదం. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి ఇంకోటి వచ్చినా. ఈ వాక్యం పక్కన బ్రాకెట్లో 'నోట్లో చెయ్యి పెట్టవద్దు, తాళాల గుత్తి అక్కర్లేదు' అని ఉంది. రోహిణీ కార్తెలో పగ్ గానీ బొద్దు ల్యాబ్ గానీ రొప్పుతూ, జిగురు చొంగ కారుస్తూ తూలిందంటే ముందు కుళాయి నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టాలి, ఐసు వద్దు, ఆ తర్వాత ఆటో. అట్ట చివర 1962 అని సంచార పశువైద్య సేవ నంబరు.

ఆ అట్టలో ఆఖరి వరస నా పుణ్యమే. 'మనుషుల నొప్పి మాత్రలు వెయ్యకండి' అని. మా కుక్క పండుగాడు మేడ మెట్ల మీంచి దూకి కుంటుతుంటే, ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ బెల్లంలో పెట్టి మూడు రోజులు మింగించాను. మనకి పనిచేసింది దానికీ పనిచేస్తుంది కదా అని. కుంటు నిజంగానే తగ్గింది. నాలుగో రోజు విరేచనం తారులా నల్లగా, జిగటగా అయింది. పొట్టలో పుండు పడి నెత్తురు కారి, అరిగి, ఆ రంగులో బయటికొస్తోందని నాకు తెలీదు. డాక్టరుగారు చిగురు నొక్కి చూసి, "ఏమైనా వేశారా?" అన్నారు. లేదన్నాను. రెండోసారి అడిగారు, నా వంక చూడకుండా. చెప్పాను. తిట్టలేదు. మాత్ర బలమెంత, మొత్తం ఎన్ని వేశాను అని మాత్రం కాగితం మీద రాసుకున్నారు, మూత్రపిండాల పరీక్షకి నెత్తురు తీశారు. పారాసిటమాల్ అయినా అంతేనట, కాలేయాన్నీ నెత్తురునీ దెబ్బతీస్తుందట. పది రోజులు పట్టింది వాడు మామూలవడానికి. తర్వాత వారం వెళ్లేసరికి అట్ట మీద కొత్త వరస.

ఆయన చెయ్యి వెయ్యని రోజు ఒకటి చూశాను. వినాయక చవితి వెళ్లిన నెల. పక్క ఊరి నుంచి తండ్రీకొడుకులు కుక్కని తాడుతో తెచ్చారు. కింది దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది, మింగలేకపోతోంది. "గొంతులో ఎముక అడ్డం పడిందండి, నేను చెయ్యి పెట్టి చూశాను, దొరకలేదు," అన్నాడు కొడుకు. డాక్టరుగారు అప్పటికే కుర్చీలోంచి లేచి ఉన్నారు. గేటు దగ్గరే ఆగమని చెయ్యి చూపించారు. అక్కడి నుంచే అడిగారు: రేబిస్ ఇంజక్షన్ వేయించారా? లేదు. అరుపు మారిందా? రెండ్రోజుల్నించి బొంగురుగా ఉంది. ఈ మధ్య దేనితోనైనా కరిపించుకుందా? చవితి ముందు ఊరకుక్కతో దెబ్బలాడింది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. ముప్పై ఏళ్లు గేదెల నోళ్లలో, కుక్కల నోళ్లలో పెట్టిన చేతులు అవి. తనకి ముందు జాగ్రత్త టీకాలు అయి ఉన్నాయి కూడా. అయినా వెనక్కే కట్టుకున్నారు. ఆ చొంగలోనే జబ్బుంటుంది, చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు.

కుక్కని ఖాళీ గదిలో పెట్టి బయట తాళం వేయించారు. కొడుకు చేతులు పావుగంట సేపు సబ్బుతో, కుళాయి ధార కింద కడిగించారు, గడియారం చూస్తూ. ఇంట్లో ఇంకెవరు దాని నోరు తాకారో పేర్లు రాయించుకుని, అందర్నీ ఆ సాయంత్రమే సర్కారు ఆసుపత్రికి పంపి, వెళ్లారో లేదో రాత్రి ఫోన్ చేసి కనుక్కున్నారు. లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా దానికి వైద్యం లేదు, అప్పటికి ముందే టీకా పడాలి. నాలుగో రోజు కుక్క చచ్చిపోయింది. పరీక్షలో రేబిసే అని తేలింది. ఆ ఇంట్లో ఐదుగురికీ టీకాలు పూర్తయ్యాయి, ఐదుగురూ బాగున్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన దగ్గరికి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న 'అన్నం పెట్టేదెవరు' అన్నది మారి 'రేబిస్ ఎప్పుడు వేయించారు' అయింది. మూడో నెల నిండాక ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి.

మొన్న ఆ ఏడాది సూదికే పండుగాడిని తీసుకెళ్లాను. వాడికి పదకొండేళ్లు. గేటు తీశాను. బంతిమొక్కలు ఈసారి ముద్దబంతులు, వాడు ప్రతి మొక్కనీ పలకరించుకుంటూ, ఒకదానికి కాలెత్తి, తీరిగ్గా వచ్చాడు. వరండా చేరేసరికి డాక్టరుగారు గోళ్ల కత్తెర చేత్తో పట్టుకుని ఉన్నారు.

"ఎడం ముందరికాలు ఎప్పట్నించండి?" అన్నారు.

వాడు కుంటడం లేదన్నాను. ఆయన వాడిని పట్టా మీద పడుకోబెట్టి, కాలి లోపలివైపు వెంట్రుకలు పాయ తీశారు. నేలకి తగలని ఆ ఐదో గోరు అరగక, పెరిగి, గుండ్రంగా తిరిగి, దాని మొన వాడి సొంత మాంసంలోకే దిగి ఉంది. చుట్టూ ఎర్రగా వాచింది. "దీపం," అన్నారు. కుర్రాడు టార్చి పట్టాడు. గోటి లోపల పచ్చిభాగం ఎక్కడిదాకా ఉందో ఆ వెలుగులో చూసుకుని, దానికి అవతల కత్తెర ఆనించారు. టక్‌మంది. దిగిన ముక్కని చిమ్టాతో, అది ఏ వంపులో దిగిందో ఆ వంపులోనే, వెనక్కి తిప్పి తీశారు. పండుగాడు తల కూడా ఎత్తలేదు.